అమ్మ అన్న మాట

పిన్ని చెయ్యి ఇస్త్రీ రోలర్లో పడిన పూట, అమ్మలు బళ్లో సైన్సు గదిలో తన వంతు కోసం నిలబడి ఉంది. గాజు గొట్టంలో ఒక చుక్క వేస్తే నీలం నీళ్లు ఎర్రబడతాయి. ముందున్న పిల్ల చుక్క వేసింది, నీళ్లు ఎర్రబడ్డాయి, అందరూ ఓహో అన్నారు. ఇక తన చేతికి అందబోతుందనగా ఆఫీసు గుమాస్తా గుమ్మంలో నిలబడి ఆమెను పిలిచింది. టీచరు "మళ్లీనా?" అంది. అది జాలో విసుగో అమ్మలుకు తెలియలేదు. తన వంతు వెనకవాడికి వదిలేసి వెళ్లింది.

ఫోనులో అమ్మ గొంతు రొప్పుతోంది. పిన్నికి దెబ్బ తగిలిందనీ, పెద్దాసుపత్రిలో ఉన్నామనీ, వీళ్లడిగేది ఒక్క ముక్క బోధపడటం లేదనీ, ఉన్నపళంగా బయల్దేరి రమ్మనీ చెప్పింది. ఎక్కడ తగిలింది, ఎలా తగిలింది అని అడిగేలోపే పెట్టేసింది.

అమ్మలుకు పదమూడేళ్లు. ఈ ఊరొచ్చిన ఏడాదికే ఇక్కడి భాష ఆమె నోట్లో ఇక్కడి పిల్లల నోట్లో ఆడినట్టే ఆడింది. అమ్మానాన్నలకు మాత్రం పట్టుబడలేదు. నాన్న కట్టుబడి పనుల్లో గోడలకు పూత పూస్తాడు. గోడలకు చెప్పాల్సిందేముంటుంది అని తనమీద తనే నవ్వుకుంటాడు. అమ్మ హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. ఆ యంత్రాల రొదలో ఏ భాషైనా ఒకటే. ఇంటి ఓనరు తలుపు తట్టినా, కరెంటు పోయినా, నెలసరి ఆగక అమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా, మధ్యలో కూర్చునేది అమ్మలే. లాండ్రీలో ఆడవాళ్లు ఆమెను లాయరమ్మ అంటారు. "మీ లాయరమ్మను ఒక్క గంట అరువివ్వవే" అని అమ్మను బతిమాలుతారు. అప్పుడు అమ్మ మొహంలో కనిపించే మురిపెం చూసి, అమ్మలు కాదనలేక వెళ్తుంది.

పిన్ని అంటే అమ్మకు తోడబుట్టింది కాదు. కింది అంతస్తులో ఉంటుంది, అమ్మతోపాటు ఒకే రోలరు దగ్గర నిలబడుతుంది, అమ్మను అక్కా అంటుంది. మొగుడు ఓడల మీద పనికి వెళ్లి నెలల తరబడి రాడు. అమ్మలుకు జడ గట్టిగా వెయ్యడం చేతనైంది ఆవిడకొక్కదానికే.

ఆసుపత్రి వరండాలో అమ్మ లాండ్రీ ఏప్రనుతోనే నిలబడి ఉంది. చేతిలో పిన్ని చెప్పు ఒకటి పట్టుకుని ఉంది. అదెందుకు పట్టుకుందో తనకే తెలిసినట్టు లేదు. లాండ్రీ తరఫున వచ్చిన మనిషి వీళ్లను దింపేసి వెళ్లిపోయాడట.

కుర్ర డాక్టరు వచ్చాడు. అమ్మను దాటుకుని అమ్మలు మొహం చూశాడు. చూడగానే ఈ పిల్లే మాట్లాడుతుందని అతనికి అర్థమైపోయింది. నడిమి వేలూ ఉంగరం వేలూ నలిగిపోవడమే కాక లోపలిదాకా కాలిపోయాయనీ, వాటిని ఉంచితే చెయ్యంతా చెడిపోతుందనీ, ఈ పూటే తీసెయ్యాలనీ చెప్పాడు. లోపలావిడకి నెమ్మదిగా చెప్పి ఒప్పించమన్నాడు. ఈ మాట చెప్పడానికి మా భాష తెలిసిన పెద్దవాళ్లెవరూ లేరా అని అమ్మలు అడిగింది. ఉన్నారు గానీ వాళ్లను పిలిపించాలంటే ఆలస్యమవుతుంది, నువ్వు చక్కగా మాట్లాడుతున్నావుగా అని అతను గడియారం చూసుకున్నాడు.

కరెంటు ఆఫీసు మాటలు, ఇంటద్దె మాటలు, అమ్మ కడుపులో గడ్డల మాటలు అమ్మలు నాలుకమీదే ఉంటాయి. ఈ మాటను తెలుగులో ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు. పిన్ని మంచం పక్కన నిలబడి, దుప్పటి అంచు పట్టుకుని, చివరికి ఉన్నదున్నట్టే అనేసింది.

"పిన్నీ, రెండు వేళ్లు తీసేస్తారట."

పిన్నికి నొప్పి మందు ఇచ్చినట్టున్నారు, కళ్లు మూతలు పడుతున్నాయి. "ఏ వేళ్లే?" అంది, ఏ బస్సే అన్నట్టు. అమ్మలు తన చెయ్యి ఎత్తి ఆ రెండు వేళ్లూ ముడిచి చూపించింది. పిన్ని ఆ చేతికేసి చాలాసేపు చూసింది. తరువాత ఒప్పుకుంటున్నట్టు తల ఊపి గోడవైపు తిరిగింది.

బయట బెంచీమీద కూర్చున్నాక అమ్మ జరిగింది చెప్పింది. ఎవరూ అడక్కపోయినా మళ్లీ మళ్లీ చెప్పింది. తడి దుప్పటి చెరో కొస పట్టుకుని, దులిపి, అంచు సరిచేసి ఇద్దరూ రోలరు నోటికి అందిస్తారు. ఆవిరితో కాగుతూ తిరిగే ఆ రోలరు దుప్పటిని లోపలికి లాక్కుని అవతల మడత పెట్టడానికి తయారుగా వదులుతుంది. దాని నోటి ముందు ఒక ఇనప పట్టీ ఉంటుంది. వేళ్లు పొరపాటున ముందుకెళ్లి ఆ పట్టీకి తగిలితే చాలు, రోలరు టక్కున ఆగిపోవాలి. అయితే దుప్పటి మడత కాస్త లావుగా వచ్చి తగిలినా ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా పని ఆలస్యం. హోటళ్ల రద్దీ మొదలయ్యాక సూపర్వైజరు ఆ పట్టీని పైకెత్తి తీగతో కట్టేశాడు. అమ్మా పిన్నీ ఒకసారి కాదు, చాలాసార్లు అతనికి చూపించారు. తీగ చూపించారు, వేళ్లు చూపించారు. అతను బొటనవేలు ఎత్తి నవ్వి, పనికానివ్వండని చేతులూపి వెళ్లేవాడు. ఇవాళ పిన్ని చేతికి దుప్పటి అంచు చుట్టుకుంది. అమ్మ పరిగెత్తి గోడమీది ఎర్ర బొత్తాం నొక్కేదాకా రోలరు తిరుగుతూనే ఉంది.

"కేక కూడా వినిపించలేదే నాకు" అంది అమ్మ. "అది నోరు తెరిచింది. ఆ రొదలో కేక వినిపించలేదు."

మరుసటి వారం మొదట్లో మేనేజరు కబురు చేశాడు. జరిగింది రాసుకోవాలట, పక్కన నిలబడ్డ మనిషి గనక అమ్మ రావాలట, కూతుర్ని కూడా తెచ్చుకోమన్నాడట. అమ్మ ఆ పొద్దున ఉతికిన చీర కట్టుకుని పైన కోటు వేసుకుంది. దారిపొడుగునా ఏం చెప్పాలో మననం చేసుకుంటూ నడిచింది. లాండ్రీ గేటు దగ్గర ఆగి అమ్మలు భుజంమీద చెయ్యి వేసింది.

"నేనేదంటే అది చెప్పు. ఒక్క మాట పోకూడదు. పిన్ని చెయ్యి సంగతి ఇది."

మేనేజరు గది మెట్లెక్కి పైకి వెళ్తే ఉంటుంది. గాజు గోడలోంచి కింద రోలర్లూ, బండ్లమీద గుట్టలు పోసిన తెల్ల దుప్పట్లూ కనిపిస్తాయి, రొద మాత్రం వినిపించదు. మేనేజరు లేచి నిలబడి మరీ అమ్మకు కుర్చీ చూపించాడు. అమ్మలుకు చల్లని డ్రింకు డబ్బా మూత తీసి ఇచ్చాడు. ఎన్నో క్లాసు అని అడిగాడు, ఎంత చక్కగా మాట్లాడుతున్నావో అన్నాడు, మా అబ్బాయిది కూడా నీ ఈడే అన్నాడు. అమ్మ కుర్చీ అంచునే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ మర్యాద చూసి ఆమె మొహం కొంచెం విచ్చుకుంది.

ఏం జరిగిందో చెప్పమన్నాడు. అమ్మలు అడిగింది. అమ్మ చెప్పింది. మననం చేసుకున్న వరుసలోనే, తొట్రుపడకుండా, పట్టీ సంగతి, తీగ సంగతి, సూపర్వైజరు సంగతి, తాము వేళ్లు చూపించిన సంగతి అన్నీ చెప్పింది. సూపర్వైజరు అన్న మాట ఏ భాషలోనైనా ఒకటే గనక మేనేజరు చెవికి అది తగిలినట్టుంది. అమ్మ చెయ్యెత్తి తీగ చుట్టినట్టు చూపించింది కూడాను. అమ్మలు నోరు తెరవబోతుంటే అతను నవ్వుతూ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

తరువాత ఇక్కడి భాషలో, పిల్లలకు కథ చెప్పేటంత మెత్తగా మాట్లాడాడు. నువ్వు తెలివైన పిల్లవి, నీకు చెబితే అర్థమవుతుంది అన్నాడు. మీ అమ్మ ఈ దేశంలో ఉండటానికి కాగితాలు ఈ ఉద్యోగం మీద నిలబడి ఉన్నాయి, మీ నాన్నవి మీ అమ్మవాటిమీద, నీ బడి ఆ రెంటిమీదా అన్నాడు. మీ అమ్మ ఇప్పుడేమందో నాకు తెలియదు, నాకు తెలిసేది నువ్వు చెప్పేదే, నేను రాసేదీ నువ్వు చెప్పేదే అన్నాడు. మీ అమ్మ అటు తిరిగి ఉండి చూడకపోయి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు, బాగా ఆలోచించుకుని చెప్పు తల్లీ అన్నట్టు డ్రింకు డబ్బాను ఆమెకు దగ్గరగా జరిపాడు. మాట్లాడినంతసేపూ నవ్వు చెరగలేదు. మధ్యలో రెండుసార్లు అమ్మకేసి తిరిగి మర్యాదగా తల వంచాడు.

అమ్మ కూడా తల వంచింది. నవ్వింది.

"ఏమంటున్నాడే?" అని అమ్మ నెమ్మదిగా అడిగింది. "నిన్ను మెచ్చుకుంటున్నాడా?"

అమ్మలు అమ్మ మొహం చూసింది. పౌడరు సరిగా అంటని చెంపలు, కొత్తగా దిద్దిన బొట్టు, మనిషిగా పలకరించినందుకే పొంగిపోతున్న కళ్లు. ఆ నవ్వు మీద చెయ్యి పెట్టి తుడిచెయ్యాలనిపించింది.

"ఆ" అంది.

తరువాత మేనేజరు వైపు తిరిగి, మా అమ్మ అటు తిరిగి దుప్పటి అందుకుంటోందట, చూడలేదట అంది. మరి ఆ దెబ్బ తగిలినావిడే పట్టీ పైకెత్తుకుని ఉండొచ్చా అని అతను అడిగాడు. తెలియదట అంది అమ్మలు. అతను రాసుకున్నాడు. రాసుకున్నాక అమ్మకు కృతజ్ఞతలు చెప్పాడు, ఆ ఒక్క మాట మాత్రం అమ్మకు వచ్చు గనక ఆమే తిరిగి చెప్పింది.

"అంతా చెప్పావుగా?" అని మెట్లు దిగుతూ అమ్మ అడిగింది.

"చెప్పాను."

ఇంటిదారిలో అమ్మ గుండెలమీది బరువు దిగినట్టు నడిచింది. మేనేజరు మంచివాడిలాగే ఉన్నాడనీ, తప్పంతా కింద ఉండే సూపర్వైజరుదేననీ, పైవాళ్ల దాకా వెళ్తే గాని న్యాయం తెలియదనీ చెబుతూనే ఉంది. అమ్మలు చేతిలో డ్రింకు డబ్బా అలాగే ఉంది. మూసి ఉన్న ఒక కొట్టు ముందుకు వచ్చేసరికి దాన్ని బలంకొద్దీ విసిరింది. అది షట్టరుకు తగిలి ఢాం అంది, తీపి నీళ్లు చిమ్మాయి. దారినపోయేవాళ్లు తిరిగి చూశారు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయి, నీకేమొచ్చిందే, తాగకపోతే ఇంటికి తేకూడదా అని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

పిన్ని ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం, తనంతట తనే మెట్లెక్కి పైకి వచ్చింది. అమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నాన్న గుమ్మం దగ్గర కూర్చుని బూట్లకు అంటిన సున్నం పుల్లతో గీరుతున్నాడు. అమ్మలు బల్లదగ్గర లెక్కలు చేస్తోంది. పిన్ని చెయ్యి తెల్లకట్టులో పెద్దగా ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

లాండ్రీ నుంచి సూపర్వైజరు వచ్చి వెళ్లాడట. వ్యాను తోలే మనవాడిని వెంట తెచ్చుకుని మరీ చెప్పించాడట. పట్టీని పిన్నే పైకెత్తిందనీ, పని త్వరగా తెముల్చుకోవాలని తన కోరికమీద తనే చేసుకుందనీ, అందుచేత లాండ్రీకి ఏ పూచీ లేదనీ, ఒంటిచేత్తో చేసే పని తమ దగ్గర లేదనీ చెప్పించాడట. పిన్ని ఇదంతా నెమ్మదిగానే చెప్పింది.

"నువ్వు అటు తిరిగున్నావట కదా అక్కా. చూడలేదన్నావట."

అమ్మ కత్తి ఆగిపోయింది. "నేనా?"

"నువ్వే అన్నావట. మేనేజరు దగ్గర రాసి ఉందట."

"నేనెందుకంటానే? నీ చెయ్యి లాగింది నేను, బొత్తాం నొక్కింది నేను. మొత్తం చెప్పాను. తీగ ఇలా చుట్టాడని చేత్తో చూపించి మరీ చెప్పాను. కావాలంటే అమ్మలునడుగు." అంటూనే అమ్మ వెనక్కి తిరిగింది. తిరిగాక ఇంకేమీ అడగనక్కర లేకపోయింది. అమ్మలు పెన్సిలు పట్టుకున్న చేతికేసే చూస్తూ కూర్చుంది.

ముందుగా తేరుకున్నది నాన్న. పుల్ల కిందపెట్టి, పిల్ల ఆలోచించే చేసి ఉంటుంది, మన పరిస్థితి అలాంటిది అన్నాడు. అయిందేదో అయిపోయింది, ఇప్పుడు తవ్వుకుంటే అందరం వీధిన పడతాం అన్నాడు. పిన్ని వైపు చూడకుండా, నీకు మేమేదైనా చేతనైన సాయం చేస్తాంలేమ్మా అని కూడా అన్నాడు.

అమ్మ ఆయన మాట వినిపించుకోలేదు. "ఎందుకలా చెప్పావే?" అంది అమ్మలుతో.

అమ్మలు లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. మేనేజరు అన్నదంతా, ముందునుంచి చివరిదాకా, కాగితాల సంగతి, నాన్న సంగతి, బడి సంగతి, అటు తిరిగి ఉన్నదని చెప్పమన్న సంగతి, గుక్క తిప్పుకోకుండా తెలుగులో అప్పజెప్పింది. ఎంత స్పష్టంగా చెప్పిందంటే అది ఆమె జీవితంలో చేసిన అన్ని తర్జుమాల్లోకీ మేలైనది.

"ఎప్పుడన్నాడిది?" అని అడిగింది అమ్మ.

"నువ్వక్కడే ఉన్నావు."

"నా ఎదురుగానా?"

"నీ ఎదురుగానే. ఆయన నన్ను బెదిరిస్తుంటే నువ్వు నవ్వుతున్నావమ్మా. తల ఊపుతున్నావు. నన్ను మెచ్చుకుంటున్నాడా అనడిగావు." ఇక ఆగలేదు. "ప్రతిచోటికీ నన్నే తీసుకెళ్తారు. నువ్వు మాట అనేసి కూర్చుంటావు. వాళ్ల మొహాలు చూడాల్సింది నేను. నీ కడుపులో గడ్డల సంగతి నేను చెప్పాలి, పిన్ని వేళ్ల సంగతి నేను చెప్పాలి. ఓనరు నాన్నని ఏమేమి తిట్టాడో నాకు తెలుసు, ఒక్కటి కూడా మీకు చెప్పలేదు. నేనేమన్నా పెద్దదాన్నా?"

నాన్న తల దించుకున్నాడు. బూటు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టాడు.

పిన్ని ఏడుస్తుందేమో, దగ్గరికి తీసుకుంటుందేమో అని అమ్మలు లోలోపల అనుకున్న మాట నిజం. పిన్ని కదల్లేదు. "నా వేళ్లు తీసేస్తారని నీ నోటితోనే విన్నాను" అంది. "అదెంత సూటిగా చెప్పావు. ఇదెట్లా మింగావే?" సమాధానం కోసం ఆగలేదు. ఒక చేత్తో గోడ పట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

అమ్మ పొయ్యి ఆర్పేసింది. తరిగిన ఉల్లిపాయలు ఒక గిన్నెలోకి ఎత్తి, మూతపెట్టి, చెయ్యి కడుక్కుంది. కొట్టలేదు, తిట్టలేదు. ఇంతలా కోపం వచ్చిన అమ్మను అమ్మలు ఎప్పుడూ చూడలేదు; ఆ కోపం ఎటు తిరుగుతుందో తెలియక బిక్కచచ్చి నిలబడింది. అమ్మ తువ్వాలు తీగమీద ఆరేస్తూ అంది:

"ఇకమీదట నా మాట నువ్వు చెప్పొద్దు."

"మరెవరు చెప్తారు?"

"ఏమో. నువ్వు మాత్రం కాదు."

అది శిక్షేననుకుంది అమ్మలు. ఇంట్లో తనకున్న ఒక్క గొప్ప కూడా లాక్కున్నారనుకుంది. ఆ కోపంతోనే నిద్రపోయింది.

పనిలో వేళ్లు పోయిన కేసు వస్తే ఆసుపత్రివాళ్లు తనిఖీ ఆఫీసుకు చెప్పి తీరాలట. అక్కడినుంచి ఒక ఇన్స్పెక్టరమ్మ లాండ్రీకి వచ్చింది. ఆ సంగతి అమ్మలుకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. బడికి మేనేజరు కారు వచ్చింది. అమ్మ పంపించిందన్నారు గనక బడివాళ్లు సంచీతో సహా ఎక్కించారు. కారు నడుపుతున్నది మేనేజరే. దారిలో బెల్టు పెట్టుకోమన్నాడు. ఒకావిడ వచ్చి ఏవో ప్రశ్నలు అడుగుతుందని చెప్పాడు. "అదే మాట" అన్నాడు, అద్దంలోంచి చూసి నవ్వుతూ. "మొన్న చెప్పిందే. మీ అమ్మ ఏమన్నా సరే, నీకు తెలుసుగా." అమ్మలు సంచీ ఒళ్లో పెట్టుకుని దాని జిప్పు లాగుతూ వేస్తూ కూర్చుంది.  భయం అనుకుంది. కారు దిగేటప్పుడు తను తలుపు విసిరికొట్టిన తీరు చూస్తే భయం ఒక్కటే కాదని ఆమెకే తెలిసింది.

కింద రోలరు దగ్గర తీగ లేదు. పట్టీ బుద్ధిగా నోటి ముందు దిగి ఉంది, దానికి కొత్తగా పసుపు రంగు కూడా పూశారు. రంగు ఇంకా ఆరినట్టు లేదు.

పై గదిలో ఇన్స్పెక్టరమ్మ కోటు విప్పకుండానే కూర్చుంది. లావుపాటి మనిషి, ముక్కుమీదికి జారిన కళ్లజోడు. సూపర్వైజరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక పక్క పిన్ని, ఆమె పక్కన అమ్మ. కూతుర్ని మేనేజరు వెంట చూడగానే అమ్మ చటుక్కున లేచింది. "నిన్నెవరు రమ్మన్నారే?" అంది. ఆ గొంతులో ఏముందో ఆ గదిలో తెలిసింది అమ్మలుకూ పిన్నికీ మాత్రమే. మేనేజరు, ఈ అమ్మాయే దుబాసీ అనీ, మొన్న కూడా ఈమే చెప్పిందనీ, చాలా చురుకైన పిల్లనీ పరిచయం చేశాడు.

ఇన్స్పెక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసి, సరే, మీ అమ్మ పట్టీ గురించి ఏమంటుందో అడుగు అంది.

అమ్మలు అమ్మకేసి చూసింది. అమ్మ అడ్డంగా తల ఊపింది. నిన్నటిదాకా శిక్షలా కనిపించిన, నువ్వు చెప్పొద్దన్న ఆ మాట ఇప్పుడు మరోలా ఉంది. అమ్మ కళ్లలో వద్దే తల్లీ అన్న ఒక్క మాటే ఉంది.

"నేను అడగను" అంది అమ్మలు, ఇక్కడి భాషలో. మళ్లీ గట్టిగా అంది. "మా అమ్మ మాట నేను చెప్పను. పెద్దవాళ్లనెవరినైనా పిలిపించండి. పోయినసారి నేను తప్పు చెప్పాను."

మేనేజరు ఏదో అనబోయాడు. ఇన్స్పెక్టరమ్మ అతనికేసి చూడకుండానే కలం ఎత్తి ఆగమంది. "ఎందుకు తప్పు చెప్పావు?"

అందుకు అమ్మలు ఏ మాటా వెతుక్కోనక్కర లేకపోయింది. అతని మాటలు అతని భాషలోనే ఆమెకు కంఠస్థంగా ఉన్నాయి. మీ అమ్మ కాగితాలు ఈ ఉద్యోగం మీద నిలబడి ఉన్నాయన్నది, మీ అమ్మ అన్నది నాకు తెలియదు, నేను రాసేది నువ్వు చెప్పేదే అన్నది, అతను ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఎక్కడ మెత్తబడితే అక్కడ మెత్తబడి, వరుస తప్పకుండా చెప్పింది. కారులో అద్దంలోంచి చూసి అన్నది కూడా చెప్పింది. అలా చెబుతున్నంతసేపూ ఆమె మొహం నల్లగా గడ్డకట్టినట్టుంది. గోడకు ఆనుకున్న సూపర్వైజరు తన బూట్లకేసి చూసుకున్నాడు. ఈ పిల్ల సరిగా అర్థం చేసుకోలేదు, చిన్నపిల్ల, భాష పూర్తిగా రాదు అన్నాడు మేనేజరు.

"ఇందాక చాలా చురుకైన పిల్లన్నారు" అంది ఇన్స్పెక్టరమ్మ.

తరువాత అతన్నీ సూపర్వైజరునూ బయటికి పొమ్మంది. ఫోను బల్లమీద పెట్టి ఎవరికో చేసింది. కాసేపటికి అందులోంచి ఒకావిడ గొంతు, స్వచ్ఛమైన తెలుగులో, "నమస్కారం అమ్మా, మీరు చెప్పండి. మీరేదంటే అదే చెప్తాను, కలపను, తగ్గించను" అని వినిపించింది. అమ్మ ఉలిక్కిపడి ఫోనుకేసి చూసింది. పిన్ని కట్టున్న చెయ్యి ఒళ్లోకి తీసుకుని ముందుకు జరిగింది.

"నువ్వు బయట కూర్చో" అంది ఇన్స్పెక్టరమ్మ అమ్మలుతో.

బయట మెట్లమీద కూర్చున్నాక ముందు అమ్మలుకు ఒళ్లు మండింది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ తన చోట్లో కూర్చుని అమ్మ మాట పలుకుతోంది. ఆవిడకేం తెలుసు, అమ్మ "అదే" అంటే ఏది అని అర్థమో, ఎక్కడ నసుగుతుందో, ఏది రెండోసారి అడగాలో. తలుపు సరిగా పడలేదు, సందులోంచి అంతా వినిపిస్తోంది. ఎక్కడ తప్పుతుందో చూద్దామని చెవి ఒగ్గి కూర్చుంది.

ఆవిడ తప్పలేదు. అమ్మ తీగ అంటే తీగ అంది, వేళ్లు చూపించాం అంటే వేళ్లు చూపించాం అంది. పిన్ని మాట కూడా అలాగే చెప్పింది. అమ్మ గొంతు క్రమంగా లేచింది. అమ్మ ఇంత గట్టిగా మాట్లాడగలదని అమ్మలుకు తెలియదు. ఆఫీసుల్లో ఎప్పుడూ ఆమె చెవి దగ్గర గుసగుసగా చెప్పడమే అలవాటు. ఇప్పుడు లోపల అమ్మ బల్లమీద చెయ్యి వేసి కొట్టినట్టుంది.

"నా పిల్ల నోట్లో వాడి అబద్ధం కుక్కాడమ్మా" అంది అమ్మ. "నేను వెర్రిమొహం వేసుకుని నవ్వుతుంటే, నా కళ్లెదురుగా కుక్కాడు. నా ఉద్యోగం పీకితే పీకమను. వాడి నోరు పడిపోను, వాడి వంశం మాటకు మొహంవాచిపోను, పసిపిల్లను బెదిరించిన ఆ నాలుకకు పురుగులు పట్టిపోను. ముందు అది రాసుకోమను. పట్టీ సంగతి తరువాత."

అమ్మలు తలుపు సందుకు ఇంకా దగ్గరగా జరిగింది. తనైతే ఇందులో ఒక్క ముక్క కూడా బయటికి పోనిచ్చేది కాదు. మా అమ్మకు చాలా బాధగా ఉందట అని ఊరుకునేది. ఫోనులో ఆవిడ ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. తరువాత నోరు పడిపోవడం, వంశం, పురుగులు అన్నీ, ఒకటి తరువాత ఒకటి, ఏ వార్తలో చదివినట్టు తొణక్కుండా ఇక్కడి భాషలో చెప్పేసింది. ఆ భాషలో ఆ తిట్లు వినడం అమ్మలుకు అదే మొదలు. అవి అంత బాగా కుదురుతాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మెట్ల కింది భాగంలో నిలబడి ఉన్న మేనేజరుకు కూడా అవి వినిపించాయి. అతను తలెత్తి తలుపుకేసి చూశాడు. ఈసారి నవ్వలేదు.

 తరువాత కలం గీసిన చప్పుడు, "రాశాను, ఇప్పుడు పట్టీ సంగతి మిగతాది చెప్పమనండి" అన్న ఇన్స్పెక్టరమ్మ గొంతూ వినిపించాయి.

దాని తరువాత జరిగినవన్నీ మంచివే అని చెప్పడానికి లేదు. విచారణ తేలేదాకా అమ్మను పనిలోంచి తియ్యకూడదన్నారు. తియ్యలేదు గానీ రోలరు దగ్గరినుంచి మురికి గుడ్డలు విడదీసే గదికి మార్చారు. కాగితాల మాట ఏమవుతుందోనని నాన్న కంటిమీద కునుకు లేకుండా తిరిగాడు. మేనేజరు చాలాకాలం మేనేజరుగానే ఉన్నాడు. పిన్ని చికిత్సకయ్యే ఖర్చు లాండ్రీయే పెట్టుకోవాలని మాత్రం తేలింది. పిన్ని అమ్మలుతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు పిల్లను పిలవమంటే, ఫోనులో ఆవిడను పిలవండని చేత్తో ఫోను చెవికి పెట్టి చూపించేదట.

ఆ రోజు మాత్రం అమ్మ గదిలోంచి బయటికి వచ్చేసరికి ఆమె చెంపలు ఎర్రగా ఉన్నాయి, కొప్పు వదులై మెడమీదికి జారింది. మెట్ల దగ్గర మేనేజరు పక్కకు తప్పుకున్నాడు. అమ్మ అతన్ని చూడనట్టే దాటి వచ్చింది. అమ్మలు లేచి ఎదురు వెళ్లి, ఇప్పుడేమవుతుందమ్మా అని అడిగింది. తెలియదు అంది అమ్మ. ఇంకా ఏమన్నా చెప్పాలా, నేనుండనా అని అడిగింది అమ్మలు.

అమ్మ ఆమె భుజంమీది సంచీ పట్టీ సర్ది, జుట్టు చెవి వెనక్కి తోసింది.

"బడి ఇంకా ఉందిగా. పో" అంది. "ఇక్కడ నీతో ఏం పన్లేదు."

అమ్మలు గేటు దాటి, బస్సు కోసం ఆగకుండా, బడి వైపు పరిగెత్తింది.